కింద కూర్చోగలదు

ఫిజియోథెరపీ చదువు పూర్తి కాగానే నేను చేరిన మొదటి ఉద్యోగం చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టిలో, ఒక ఎముకల డాక్టరు గారి క్లినిక్‌లో. తొంభైల చివరి రోజులు. క్లినిక్ మొదటి అంతస్తులో ఉండేది. కింద ఒక పక్క బట్టల దుకాణం, ఇంకో పక్క అత్తరు దుకాణం, వాటి మధ్య నుంచి నిటారుగా రాతి మెట్లు. మోకాళ్ల నొప్పులని వచ్చేవాళ్లు ఆ మెట్లన్నీ ఎక్కి రావాలి. పైకి చేరేసరికి సగం మందికి ఆయాసం, నొప్పి, చికాకు. ఆ చికాకు ముందుగా నా మీదే పడేది.

డాక్టరు గారు నన్ను తీసుకున్నది నా మార్కులు చూసి కాదు. అక్కడికి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమంది పర్దా పాటించేవాళ్లు. మగవాడి ముందు సల్వార్ మోకాలి పైకి లాగరు. ఆయన అప్పుడే ఒక లేజర్ యంత్రం కొన్నారు, దాన్ని పట్టుకోవడానికి ఒక ఆడపిల్ల కావాలి. నాన్న గుంటూరు జిల్లా నుంచి సర్కారీ ఉద్యోగం మీద వచ్చి శాలిబండలో అద్దెకున్నాడు కాబట్టి నాకు పాతబస్తీ మాట వచ్చు. ఇంట్లో అమ్మతో ‘వచ్చాను’ అనేదాన్ని, క్లినిక్ మెట్లెక్కాక ‘వచ్చిన’ అనేదాన్ని. ఆ రెండో మాటే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది.

యంత్రం చిన్న సూట్‌కేసంత ఉండేది. దానికి వైరు, వైరు చివర లావుపాటి పెన్నులాంటి పిడి. రోగికీ నాకూ నల్ల కళ్లద్దాలు. మోకాలి కీలు చుట్టూ ఒక్కో చోట ఆ పిడిని ఆనించి ఒక నిమిషం పట్టుకోవాలి. కీచుమని శబ్దం వస్తే పక్క చోటికి జరపాలి. ఆ కాంతి కంటికి కనపడదు. వేడి తెలియదు, మంట తెలియదు. లేజర్ అంటే ఏదో మెరుపు చూస్తామనుకొని వచ్చినవాళ్లు మొహం చిన్నబుచ్చుకునేవారు. “ఇంతేనా? ఏం తెలుస్తలేదు కద” అని అడిగేవారు. నేను వాళ్లకి నిజమే చెప్పేదాన్ని. అరిగిన కీలును ఇది కొత్తది చెయ్యదు. నొప్పి కొంత తగ్గొచ్చు, తగ్గితే తొడ కండరానికి వ్యాయామం చేయిస్తాను, అప్పుడు నడక బాగుపడొచ్చు. కొందరికి ఏమీ మారకపోవచ్చు.

డాక్టరు గారు ఇంగ్లీషులో ఒక ఫారం అచ్చు వేయించారు. పైన ఒక అడ్డగీత. దాని మీద సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో రోగి వేలు పెట్టి చూపించాలి. కింద నాలుగు ప్రశ్నలు. మెట్లు ఎక్కగలదా, ఎంత దూరం నడవగలదు, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవగలదా, కింద కూర్చోగలదా. ప్రతి వారం నేను నింపాలి. నా చేతిరాత బాగుంటుంది. ఆ ఫారాలు నింపడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఆ ఇష్టాన్ని తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఖాలాను మొదటిరోజు ఆమె కొడుకు తీసుకొచ్చాడు. ఖాలా అంటే పిన్ని. అక్కడికి వచ్చే పెద్దావిడలందరినీ అలాగే పిలిచేదాన్ని. ఈమెకు అరవైకి కొంచెం తక్కువ వయసు. భర్త పోయి చాలా ఏళ్లయింది. లాడ్ బజార్‌లో వాళ్లకు లక్క గాజుల దుకాణం, దుకాణం వెనక గాజులు చేసే కార్ఖానా, పైన ఇల్లు. కొడుకు మర్యాదస్తుడు. తల్లి చెయ్యి పట్టుకొని ఒక్కో మెట్టు ఎక్కించాడు. గది బయట బల్ల మీద కూర్చొని చివరి దాకా కదలలేదు.

తెర వేశాక ఆమె బురఖా తీసి మడతపెట్టి, మంచం మీద కాళ్లు చాపింది. రెండు మోకాళ్లూ లోపలి వైపు ఉబ్బి ఉన్నాయి. కుడిది వంచితే లోపల ఇసుక నూరినట్టు చేతికి తెలిసింది. వేళ్ల కొసలు మాత్రం రాయిలా గట్టిపడి, అక్కడక్కడా పాత కాలిన మచ్చలతో ఉన్నాయి.

“తెలుగు మంచిగ మాట్లాడతరు ఖాలా” అన్నాను.

“మాది పాలమూరు. తెలుగోళ్ల నడుమనే పుట్టిన. పెండ్లయినంక ఇక్కడ ఇగ తెలుగు మాట్లాడేటోళ్లే లేకపాయె.”

కాలేజీలో మా మేడమ్ నేర్పిన ప్రశ్న ఒకటుంది. నొప్పి తగ్గితే మొట్టమొదట ఏం చెయ్యాలని ఉంది అని రోగిని అడగాలి. అడిగాను.

ఆమె వెంటనే చెప్పింది. “సజ్దా చెయ్యాలె బేటా. రెండేండ్ల సంది కుర్సీ మీద కూసొనే నమాజ్ చదువుతున్న. అట్ల చేస్తే అయితదంటరు, తప్పు లేదంటరు. గని నెత్తి నేలకు తాకకుంటె నాకు నమాజ్ అయినట్టే అనిపిస్తలేదు.”

వారానికి మూడుసార్లు వచ్చేది. నల్ల కళ్లద్దాలు పెట్టుకొని ఇద్దరం ఎదురెదురుగా అరగంట కూర్చునేవాళ్లం. ఆ అరగంటలో ఆమె మాట్లాడేది. పెళ్లయిన రెండో నెల నుంచి కార్ఖానాలో కింద కూర్చుందట. ముందర బొగ్గుల కుంపటి. దాని మీద లక్క కరిగించి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. అది వేడిగా ఉండగానే చిన్న చిన్న అద్దాలూ రాళ్లూ వేలితో అదమాలి. ఒక కాలు మడిచి ఒక మోకాలు నిలబెట్టి కూర్చోవాలి. పొద్దున కూర్చుంటే వంటకు లేవడం, నమాజ్‌కు లేవడం, మళ్లీ వచ్చి కూర్చోవడం. ముప్పయ్యేళ్లు దాటి అలాగే. ఒకరోజు కూర్చున్నచోట నుంచి లేవలేకపోయింది. కొడుకూ కోడలూ చెరో చెయ్యి పట్టుకొని లేపారు. ఆ తర్వాత ఇక కింద కూర్చోవడమే కుదరలేదు.

“మరి అప్పటి సంది ఏం చేస్తున్నరు?”

ఆమె నవ్వింది. మొదటిసారి ఆమె నవ్వు చూడటం. “ఇంట్ల ఉత్తగ కూసుంటె పిచ్చి లేస్తదని కొడుకు దుకాణంల ఒక ప్లాస్టిక్ కుర్సీ ఏసిండు. ముందట్ల, బజారు దిక్కు. మొదట్ల భయమైంది. ఇప్పుడు మస్తు మంచిగుంటది బేటా. పెండ్లి పిల్లలు వస్తరు, వాళ్ల అమ్మలు వస్తరు, తెలుగోళ్లు వస్తరు. తెలుగోళ్లు వస్తె నా కొడుక్కు రాదు కద, నేనే మాట్లాడుత. చెయ్యి చూస్తె చాలు, సైజు చెప్పేస్త.”

నా చెయ్యి పట్టుకోకుండానే చూసి, “నీది రెండు–నాలుగు” అంది. అవును, నా గాజుల సైజు అదే.

“ముప్పయ్యేండ్లు గాజులు చేసిన” అంది ఖాలా. “తొడిగేటోళ్ల మొఖం ఒక్కటి చూడలే. ఈ రెండేండ్లల్లనే చూసిన.”

నేను విన్నాను. విని, పిడిని పక్క చోటికి జరిపాను. ఆమె చెప్పింది ఎంత పెద్ద మాటో అప్పుడు నాకు తెలియలేదు. నా దృష్టంతా మోకాలి మీదే.

మోకాలు బాగుపడసాగింది. మొదటి రెండు వారాలూ ఏమీ లేదు. మూడో వారం మెట్లెక్కి వచ్చి కూర్చోకుండా నిలబడే మాట్లాడింది. గీత మీద వేలు ఎనిమిది నుంచి ఐదుకు వచ్చింది, తర్వాత మూడుకు. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి దాన్ని అదమమంటే పొద్దున సాయంత్రం మానకుండా చేసేది. లేజర్ వల్ల ఎంత, ఆ తువ్వాలు వల్ల ఎంత, నేను చెప్పలేను. డాక్టరు గారు మాత్రం లేజరేనన్నారు. కొన్నది ఆయన కదా.

ఐదో వారం నేల మీద చాప పరిచాను. మంచం పట్టుకొని మెల్లగా దిగమన్నాను. ఆమె దిగింది. మోకాళ్ల మీద కూర్చుంది. కొంచెంసేపు చేతులు తొడల మీద పెట్టుకొని ఊపిరి పీల్చుకుంది. తర్వాత ముందుకు వంగి నుదురు చాపకు ఆనించింది. అలాగే ఉండిపోయింది. నాకు భయం వేసి “నొప్పి లేస్తుందా ఖాలా” అని అడిగాను. లేచాక ఆమె మొహం తడిగా ఉంది. తుడుచుకోలేదు.

నేను ఫారం తీసి నాలుగో ప్రశ్న ముందు రాశాను. కింద కూర్చోగలదు.

ఆమెకు ఆ అక్షరాలు రావు గానీ నా కలం ఎక్కడ ఆగిందో చూసింది.

“అది రాయకు బేటా.”

“ఎందుకు ఖాలా?”

“కొడుకు కాయితం చూస్తడు. కార్ఖానల ఒక చెయ్యి తక్కువుంది. కూసుంటదని తెలిస్తె మల్ల అక్కడ కూసోబెడతడు. నమాజ్‌కు కూసుంట, పనికి కూసోను. రెండూ ఒక్కటి గాదు.”

నేను నవ్వాను. ఇప్పటికీ ఆ నవ్వు నాకు గుర్తుంది. “అట్ల ఎట్ల ఖాలా, బాగైతె బాగైందనే రాయాలె కద. అబద్ధం రాస్తమా? మీ కొడుకు మంచోడు. ఫికర్ చెయ్యకండి.”

ఆమె బురఖా తీసుకుని వేసుకుంది.

నా మనసులో ఏముందో కూడా చెప్పాలి. నెలాఖరులో ఊళ్లో డాక్టర్ల సమావేశం ఉంది. లేజర్‌తో బాగైన ఒక మోకాలిని అక్కడ చూపించాలని మా డాక్టరు గారు వెతుకుతున్నారు. ఖాలా ఫారం కన్నా మంచిది లేదు. ఎనిమిది నుంచి మూడు, పైగా నాలుగు ప్రశ్నలకూ ఔను. అంతవరకూ క్లినిక్‌లో నన్ను లైటు పట్టే పిల్ల అనేవాళ్లు. కాంపౌండర్ కూడా అలాగే పిలిచేవాడు. ఆ ఫారం మీద నా సంతకం ఉంటుంది. అదీ సంగతి.

చివరి రోజు కొడుకు వచ్చాడు. నా బల్ల ముందు నిలబడి చాలా మర్యాదగా అడిగాడు. “డాక్టర్ సాబ్, అమ్మీ అబ్ నీచే బైఠ్ సక్తే?” ఇప్పుడు కింద కూర్చోగలదా అని.

“బిల్కుల్” అన్నాను. ఫారం తిప్పి వేలు పెట్టి చూపించాను. అతను ఒక నకలు కావాలన్నాడు, నేనే పక్క దుకాణానికి పంపి జిరాక్స్ తీయించి ఇచ్చాను. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ ఉండగా, ఎక్కువసేపు మాత్రం కూర్చోనివ్వకండి, ఒక కాలు మడిచి అసలు వద్దు అని చెప్పాను. చెప్పాను, నిజమే. కానీ ఆ మాట కాగితం మీద లేదు. ఖాలా తలుపు దగ్గర నిలబడి బురఖా ముడి వేసుకుంటోంది. నా వైపు చూడలేదు. అలసిపోయింది కాబోలనుకున్నాను.

సమావేశం బాగా జరిగిందని డాక్టరు గారు చెప్పారు. ఆ కేసు గురించి ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ప్రత్యేకంగా అడిగారట. నా పేరు చెప్పారో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

మూడు నెలల తర్వాత అమ్మకు గాజులు కావాలంటే లాడ్ బజార్ తీసుకెళ్లాను. ఖాలా దుకాణానికే వెళ్దామని, ఆమె నన్ను చూసి సంతోషిస్తుందని ఉత్సాహంగా వెళ్లాను. దుకాణం ముందర ప్లాస్టిక్ కుర్చీలో ఒక పాతికేళ్ల మనిషి కూర్చొని ఉన్నాడు. కొడుకు బావమరిది అట. ఖాలా ఏదని అడిగితే వెనక్కి చెయ్యి చూపించాడు.

అమ్మను గాజులు చూడమని చెప్పి వెనక్కి వెళ్లాను. కార్ఖానాలో ఒకే ఒక్క బల్బు. కిటికీ లేదు. బొగ్గుల వేడి మొహానికి కొట్టింది. నలుగురు ఆడవాళ్లు కుంపట్ల ముందు కూర్చొని ఉన్నారు. ఖాలా గోడ వైపు. కుడికాలు మడవలేక పక్కకు వంకరగా చాపుకొని, ఎడమ మోకాలు నిలబెట్టి, నడుము ఒక వైపుకు ఒరిగి కూర్చుంది. వేలితో అద్దం బిళ్లలు అదుముతోంది.

నన్ను చూసి “బాగున్నవా బేటా” అంది. చెయ్యి ఆపలేదు, లక్క చల్లారిపోతుంది కదా.

“గిట్ల కూసోవద్దని చెప్పిన కద ఖాలా.”

“కాయితం మీద కూసోవచ్చని ఉన్నది.”

నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా తెలుగులో చెప్పింది. ఇంటికి వెళ్లిన రోజు నుంచి నమాజ్ మళ్లీ కుర్చీ మీదే చదివిందట. మోకాలు వంగుతుంది, నుదురు నేలకు తాకుతుంది, అయినా కుర్చీ మీదే. ఎవరైనా చూస్తే పనికి పిలుస్తారని. “అల్లాకు తెలుసు నా మోకాలు వంగుతదని. ఆయన ముందట నటించిన.” అలా పది రోజులు గడిచాక, పండగ ఆర్డర్లు వచ్చి మనుషులు సరిపోక, కొడుకు ఆ జిరాక్స్ తీసి ముందు పెట్టాడు. డాక్టరమ్మ రాసింది కదా అమ్మీ, అబద్ధం ఎందుకు చెప్తున్నావు అన్నాడు. గట్టిగా కూడా అనలేదట.

“కోడలు ఉన్నది, దాని తమ్ముడు ఉన్నడు. అందరి ముందట నేను అబద్ధం చెప్పేదాన్నైన. నమాజ్ కాడ అబద్ధం. ఇగ ఏం మాట్లాడుత? వచ్చి కూసున్న.”

“ఇప్పుడు సజ్దా చేస్తున్నరా?”

“మొన్నటిదాంక చేసిన. ఇప్పుడు మల్ల వంగుతలేదు.”

బయట అమ్మ పిలిచింది. నేను లేచి వచ్చాను. అమ్మ గాజులు కొన్నదో లేదో కూడా గుర్తులేదు.

మరుసటి రోజు డాక్టరు గారికి చెప్పాను. ఆయన ఎక్స్‌రే ఫిలిం ఒకటి వెలుతురుకు పట్టుకొని చూస్తున్నారు. “మనం పంపినప్పుడు బాగుంది కదమ్మా. వాళ్ల ఇంటి గొడవలు మనకెందుకు” అన్నారు. ఇంకో ఫిలిం తీశారు.

చలికాలం అయిపోతుండగా ఖాలాను మళ్లీ తీసుకొచ్చారు. ఈసారి కొడుకూ బావమరిదీ ఇద్దరూ పట్టుకొని మెట్లెక్కించారు. మోకాలు నీరు పట్టి గుండ్రంగా ఉంది. మళ్లీ లేజర్ మొదలుపెట్టాను. అవే చోట్లు, అవే నిమిషాలు, అదే కీచుమనే శబ్దం. ఆమె ఈసారి మాట్లాడలేదు. అరగంట నల్ల కళ్లద్దాల వెనక ఊరికే ఉండేది. ఇక్కడి నుంచి తిన్నగా వెళ్లి మళ్లీ కుంపటి ముందే కూర్చునేది. వేలు ఏడు దగ్గరే ఉండిపోయింది. ఏ వారమూ కదల్లేదు.

నేను కొత్తగా ఇంగ్లీషులోనే ఒక కాగితం రాశాను. కింద కూర్చోకూడదు, కుర్చీ మీద కూర్చొనే పని చెయ్యాలి అని పెద్ద అక్షరాలతో. కొడుకును పిలిచి ఇచ్చాను. అతను చదివి, జేబులోంచి పాతది తీసి రెండూ నా బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

“ఇది మీరే రాశారు, అదీ మీరే రాశారు. నేను ఏది నమ్మాలి?” అని హిందీలో అడిగాడు. వెటకారం లేదు. నిజంగానే అడిగాడు.

“దుకాణంలో ఇంతకుముందులాగా కుర్చీ వెయ్యొచ్చు కదా భాయ్.”

“అక్కడ ఒక్కరికే జాగా. అతను నా భార్య తమ్ముడు, ఎక్కడికి పొమ్మనాలి? అమ్మీ మాకు భారం కాదు. కానీ ఇంట్లో అందరం పని చేస్తేనే నడుస్తుంది.” గొంతు తగ్గించాడు. “అమ్మీ బజార్‌లో కూర్చుంటే మా మామగారి వాళ్లకు కూడా ఇష్టం లేదు.”

అతన్ని తిట్టాలని ఉంది. ఏమని తిట్టను? నన్ను నమ్మాడు, నేను రాసిచ్చిందే చేశాడు. రెండు కాగితాలూ తిరిగి ఇచ్చేశాను. ఇంకో రెండుసార్లు వచ్చి ఖాలా రావడం మానేసింది. డాక్టరు గారు ఆపరేషన్ మాట ఎత్తారని, వాళ్లు వద్దన్నారని కాంపౌండర్ చెప్పాడు.

ఇంకో ఏడాదికి నేను ఆ క్లినిక్ మానేశాను. తర్వాత నది అవతల ఒక పెద్ద ఆసుపత్రిలో చేరాను. అక్కడా లేజర్ ఉంది, ఇంకా పెద్దది, ఇంకా ఖరీదైనది. అక్కడా ఫారాలున్నాయి. చాలామందికి నొప్పి తగ్గింది, మెట్లెక్కారు, నాకు దండాలు పెట్టారు. ఒక్కొక్కరూ దండం పెట్టినప్పుడల్లా వీళ్లు ఇంటికెళ్లి ఏ పనిలో పడతారో అనిపించేది. అడిగితే కొందరు చెప్పేవారు. ఎక్కువమంది అదేం ప్రశ్న అన్నట్టు చూసేవారు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లకు ఖాలా కోడలు ఆ ఆసుపత్రికి వచ్చింది. మెడ నొప్పి. నేను గుర్తుపట్టలేదు, ఆమే గుర్తుపట్టింది. వేళ్ల కొసల మీద కాలిన మచ్చలు చూసి నాకు అర్థమైంది, ఇప్పుడు కుంపటి ముందు ఈమె కూర్చుంటోందని. అత్తగారు మంచం దిగడం లేదని చెప్పింది. ఒకసారి వచ్చి చూడమంది.

ఆదివారం వెళ్లాను. దుకాణం పక్క మెట్లెక్కితే పైన ఇల్లు. ఖాలా గోడకు ఆనుకొని మంచం మీద కూర్చుంది. బాగా చిక్కిపోయింది. చేతులు ఊరికే ఒళ్లో ఉన్నాయి. మోకాళ్లు చూస్తానంటే వద్దంది.

“ఇగ ఏం చూస్తవు. కూసో.”

కూర్చున్నాను. అమ్మానాన్నల గురించి అడిగింది, పెళ్లయిందా అని అడిగింది. చెప్పాను. ఎన్నాళ్ల నుంచో అనుకున్న మాట ఇక ఆపుకోలేక అనేశాను.

“నన్ను మాఫ్ చెయ్యండి ఖాలా. మీరు వద్దన్నా రాసిన.”

ఆమె నన్ను చూసింది. “మాఫ్ సంగతి తర్వాత. ఎందుకు రాసినవో ముందుగాల చెప్పు. అబద్ధం రాయొద్దనా?”

ఔనంటే సరిపోయేది. ఎందుకో అనలేకపోయాను.

“కాదు ఖాలా. ఆ కాయితం పెద్ద డాక్టర్లకు చూపిస్తరని. నా పేరు ఉంటదని.”

“నేను గట్లనే అనుకున్న” అంది. కోపంగా అనలేదు. వంటింటి వైపు తిరిగి కోడల్ని పిలిచి, డాక్టరమ్మకు చాయ్ తెమ్మని చెప్పింది. చాయ్ తాగాను. కప్పు కింద పెట్టి కాసేపు ఎదురుచూశాను. మాఫ్ చేసిన అని ఆమె అనలేదు. నేను మళ్లీ అడగలేదు. “నమాజ్ టైమైతుంది, ఇగ పో బేటా” అంది.

ఆ తర్వాత లాడ్ బజార్ రెండు మూడుసార్లు వెళ్లాల్సి వచ్చింది. ఖాలా దుకాణం ఉన్న చార్మినార్ వైపు నుంచి రాకుండా, అవతలి చివర నుంచే వెళ్లి గాజులు కొనుక్కొని, అటునుంచి అటే తిరిగి వచ్చేశాను.